కమాను బోల్టు విరిగిన పాత కారు: గుర్తించే విధానం

తిన్నని రోడ్డుపై పోతున్న పాత అంబాసిడర్ కారును వెనుకనుండి చూసినప్పుడు, అది కాస్త ఓరగా నడుస్తున్నట్లు కనిపిస్తే దానిని తేలికగా తీసుకోరాదు. స్టీరింగును ఒక పక్కకు పట్టి ఉంచితే గాని బండి తిన్నగా పోదు. గేరు వేసి క్లచ్ వదలగానే వెనుకనుండి 'టక్'మని ఒక శబ్దం, బ్రేకు తొక్కినప్పుడు మరొకటి వినిపిస్తుంది. ఇన్ని గుర్తులున్నా అనేకులు ముందు చక్రాలకు అలైన్‌మెంటు చేయించి, టైర్లు మార్చి డబ్బు పోగొట్టుకుంటారు. దోషం తరచుగా వెనుక కమాను కట్టలో దాగిన సెంటర్ బోల్టులో ఉంటుంది.

అంబాసిడర్ ఉత్పత్తి ఉత్తరపారాలో 2014లో నిలిచిపోయింది. అయినా సరిహద్దు పల్లెలలో పాత బండ్లను కొని బాగుచేసుకొనేవారు నేటికీ ఉన్నారు. ఈ కారు వెనుక భాగం కమాను పట్టీలపై ఆని ఉంటుంది. కమాను అనగా పారసీక భాషలో విల్లు. ఉర్దూ ద్వారా మన షెడ్లలోకి వచ్చిన మాట. పట్టీలన్నింటినీ మధ్యలో గుచ్చి పట్టేది సెంటర్ బోల్టు. దాని తల ఇరుసు దిమ్మెలోని రంధ్రంలో కూర్చుని, ఇరుసును తన స్థానంలో నిలుపుతుంది. కట్టను ఇరుసుకు బిగించి పట్టే పని మాత్రం యూ-బోల్టులది. అవి వదులైతే బ్రేకు, ఇంజను లాగుడు బలమంతా చిన్న సెంటర్ బోల్టుపై పడి అది తెగిపోతుంది. కనుక విరిగినది సెంటర్ బోల్టే అయినా, సాధారణంగా నేరం యూ-బోల్టులదే.

పరీక్షకు ఒక కొలత టేపు చాలు. బండిని చదునైన నేలపై నిలిపి, ముందు చక్రాలను తిన్నగా ఉంచి, ముందు చక్రం మధ్యనుండి వెనుక చక్రం మధ్యకు రెండు వైపులా కొలవాలి. అసలు కొలత 97 అంగుళాలు, అనగా సుమారు 2464 మిల్లీమీటర్లు. రెండు వైపుల మధ్య సెంటీమీటరు మించి తేడా ఉంటే అనుమానించవలసిందే. అయితే ఇంతటితో తీర్పు చెప్పరాదు. ముందు బుష్‌లు అరిగినా, బండి ఎప్పుడో గుద్దుకొని ఉన్నా ఇదే తేడా వస్తుంది. అందుచేత కమాను ముందు కొసను పట్టి ఉంచే బోల్టునుండి ఇరుసు మధ్యకు మరల రెండు వైపులా కొలవాలి. ఇక్కడా తేడా ఉంటే ఇరుసు కమానుపై జరిగినట్లే. ఇవి సమానమైతే దోషాన్ని ముందు భాగంలో వెదకాలి.

తరువాత చక్రాలకు అడ్డు పెట్టి, గట్టి స్టాండ్లపై నిలిపి క్రింద చూడాలి. ఒక్క జాకీని నమ్మి, లేదా ఇటుకలు పేర్చి, బండి క్రింద దూరడం ప్రాణాపాయం. తీగ బ్రష్‌తో మట్టి తీస్తే పట్టీలు పక్కకు చెదిరి ఉండటం, యూ-బోల్టు వద్ద రాపిడికి మెరిసే చార, నట్టు చుట్టూ ఎర్రని తుప్పు పొడి కనిపించవచ్చు. నట్టు కనిపించినంత మాత్రాన బోల్టు బాగున్నదని అనుకోరాదు. తల తెగినా తోక అక్కడే ఉంటుంది. ఇరుసు, దిమ్మె, పట్టీల మీదుగా ఒకే సుద్ద గీత గీసి, బండిని మరల నేలపైకి దించి, కొద్దిగా ముందుకు వెనుకకు నడిపి బ్రేకు వేయించి చూస్తే, గీత విడిపోయిన చోట కదలిక ఉన్నట్లు తెలుస్తుంది.

విప్పిన ముక్క కూడా మాట్లాడుతుంది. తెగిన ముఖంలో కొంత నల్లగా, నునుపుగా, అలల వంటి గీతలతో ఉంటే బీట చాలాకాలంగా పాకుతూ వచ్చిందని అర్థం. మొత్తం గరుకుగా, కొత్తగా మెరుస్తుంటే ఒక్క గుంతలోనో అధిక బరువుతోనో తెగింది.

సెంటర్ బోల్టు స్థానంలో హార్డ్‌వేరు దుకాణంలోని మామూలు బోల్టు వేయరాదు. తల వ్యాసం దిమ్మె రంధ్రానికి సరిపోవాలి. వెల్డింగుతో అతికించడం అంతకన్నా చెడ్డ పని. సాగిన యూ-బోల్టులను మరల వాడక, నాలుగు నట్లను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. ఇరుసు జరిగి ఉన్నందున వెనుక బ్రేకు గొట్టం, హ్యాండ్ బ్రేకు తీగ, ప్రొపెల్లర్ షాఫ్టు జాయింట్లను కూడా అప్పుడే చూడాలి. పట్టీలు సర్దుకోవడానికి కొంత సమయం పడుతుంది గనుక, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగిన తరువాత యూ-బోల్టులను మరొకసారి బిగించాలి.