ప్రారంభ ప్రోగ్రాముల నియంత్రణ: తెలుగు టైపింగ్ దృష్ట్యా ఒక పరిశీలన

కంప్యూటర్‌తోపాటు తమంతట తాముగా మొదలయ్యే ప్రోగ్రాములు పెరిగేకొద్దీ యంత్రం సిద్ధమవడం ఆలస్యమవుతుంది. వాటిని తగ్గించడం అవసరమే. అయితే విచక్షణ లేకుండా అన్నిటినీ ఆపితే నిత్య వ్యవహారం కుంటుపడుతుంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వంటి పట్టణాల డి.టి.పి. కేంద్రాలకు ఇది జీవనోపాధికి సంబంధించిన విషయం. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో టైపు చేయాలంటే అను స్క్రిప్ట్ మేనేజర్ తెరవెనుక నడుస్తూ ఉండాలి. ప్రారంభ జాబితాలో దానిని ఆపితే, మళ్లీ స్వయంగా తెరిచేవరకు మీటలకు తగిన తెలుగు అక్షరాలు రావు. లోపం ఫాంట్లదని పొరబడే అవకాశముంది.

విండోస్ 8 నుంచి ఈ జాబితా టాస్క్ మేనేజర్‌లోని స్టార్టప్ విభాగంలో కనిపిస్తుంది. అక్కడ ‘డిజేబుల్’ చేయడమంటే ప్రోగ్రామును తొలగించడం కాదు. తిరిగి ‘ఎనేబుల్’ చేయవచ్చు. కనుక ఒక్కొక్కదాన్నే ఆపి, కంప్యూటర్‌ను పునఃప్రారంభించి, ఒక తెలుగు వాక్యాన్ని టైపు చేసి, ముద్రించి చూసిన తరువాతే రెండవదాని జోలికి వెళ్లాలి.