విచ్చుకోనివ్వని పువ్వు

కొట్టుకు లవంగం బస్తా దిగితే ముందు గోటితో కాడ నొక్కి చూస్తాను. నూనె చెమ్మ తగలాలి. ముడతలు పడి, తల ఊడి, తేలిగ్గా ఉంటే నాకు అనుమానం. అప్పుడు గ్లాసుడు నీళ్లలో వేస్తాను. నూనె ఉన్న లవంగం మునుగుతుంది, లేదా తల పైకెత్తి నిలువునా తేలుతుంది. ముందే నూనె తీసేసిన సరుకు నీళ్ల మీద అడ్డంగా పడుకుంటుంది.

లవంగమొగ్గ అంటూనే ఉంటాం కానీ విప్పి చూసినవాళ్లు తక్కువ. రాత్రి వేడినీళ్లలో నాలుగు నానేసి, పొద్దున్నే ఆ గుండ్రటి తలను సూదితో విప్పండి. నాలుగు రేకులు టోపీలా ముడుచుకుని ఉంటాయి. వాటి కింద బోలెడన్ని కేసరాలు కుక్కినట్టు కనిపిస్తాయి. చెట్టు మీద ఈ మొగ్గ మొదట పచ్చగా ఉండి, తర్వాత గులాబీ రంగుకు తిరుగుతుంది. ఆ అదనులోనే గుత్తులు కోసి ఎండబెడతారు. ఎండేసరికి బరువులో మూడింట రెండొంతులు పోతుంది. పువ్వు విచ్చుకుందా, మసాలాగా దాని ఖరీదు పోయినట్టే. చెట్టును నిండా పూయనివ్వకపోవడం మీదే మా వ్యాపారం నడుస్తోంది.

ఈ చెట్టు పుట్టిల్లు ఇండోనేషియా తూర్పున ఉన్న మలుకు దీవులు. టెర్నాటే, టిడోర్, మోటి, మకియాన్, బచాన్. అగ్నిపర్వతాల నేల, తెరిపి లేని వానలు, సముద్రపు తేమ. మన నేరేడుకు ఇది దగ్గరి చుట్టం, రెండూ సైజీజియం ప్రజాతివే. 1522లో భూమిని చుట్టి స్పెయిన్ చేరిన విక్టోరియా ఓడ తెచ్చింది టిడోర్ లవంగాలనే. ఆ యాత్రకు నాయకుడిగా బయల్దేరిన మెగల్లాన్ మాత్రం అప్పటికే ఫిలిప్పీన్స్‌లో చనిపోయాడు.

తర్వాత డచ్చి ఈస్టిండియా కంపెనీ దిగింది. లవంగం తోటలు అంబోన్ దీవి చుట్టుపక్కలే ఉండాలంది. 1652లో టెర్నాటే సుల్తానుకు ఏటా సొమ్ము ఇచ్చేలా ఒప్పందం రాయించుకుని, మిగతా దీవుల్లో చెట్లు నరికించింది. ధర నిలబెట్టడానికి సరుకు దాచేవాళ్లను చూశాను, ఏకంగా చెట్టునే కొట్టేయడం మాత్రం వ్యాపారం అనిపించుకోదు. 1770లో ఫ్రెంచివాడు పియెర్ పువావ్ర్ మనుషులు మొక్కల్ని గుట్టుగా మారిషస్‌కు దాటించారు. ఆ తర్వాత లవంగం జాంజిబార్ దాకా పాకింది.

ఇప్పటికీ పంటలో ఇండోనేషియాదే పైచేయి. కానీ అందులో ఎక్కువ భాగం క్రెటెక్ సిగరెట్లలో పొగాకుతో పాటు కాలిపోతుంది. అక్కడ పంట దెబ్బతింటే వాళ్లే బయట కొనడానికి దిగుతారు. అప్పుడు మాకు వచ్చే మడగాస్కర్, శ్రీలంక సరుకు ధర కూడా ఎగురుతుంది. వంద గ్రాముల రేటు విని “ఇంతా!” అని నొసలు చిట్లించేవాళ్లకు నేను చెప్పే సంగతి ఇదే.