ప్రహరీకి పనికొచ్చింది, ఇంటికి పనికిరాదా?

ఊరి బయట ఏ వెంచర్ చూసినా చుట్టూ రెడీమేడ్ ప్రహరీయే. స్తంభాలు పాతి, వాటి గాడుల్లోకి సిమెంటు పలకలు దింపితే గోడ లేచిపోతుంది. సెప్టిక్ ట్యాంకు వరలూ ఎక్కడో పోసి, ఆరాక లారీలో తెచ్చేవే. హైదరాబాద్ మెట్రో వంతెనను కూడా యార్డులో ముక్కలుగా పోసి, తెచ్చి పైన కలిపారు. ఇలా ముందే పోసి తెచ్చి కలిపే ‘ప్రీకాస్ట్’ పద్ధతిలో ఇల్లు కూడా కడతామంటే మాత్రం ‘గట్టిగా ఉంటుందా?’ అంటాం.

ఆ అనుమానం ఉత్త చాదస్తమేమీ కాదు. 1968 మే 16న లండన్‌లో రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల ప్రీకాస్ట్ భవనంలో, 18వ అంతస్తులో గ్యాస్ పేలింది. గోడ పలక ఒకటి ఊడిపోవడంతో భవనంలో ఒక మూల పైనుంచి కిందిదాకా కూలింది. నలుగురు చనిపోయారు. లోపం పలకల్లో కాదు, వాటిని కలిపిన అతుకుల్లో. 2001 గుజరాత్ భూకంపంలో కచ్‌లో ప్రీకాస్ట్ బడులు దెబ్బతినడానికీ సరైన అతుకులు లేకపోవడమే ముఖ్య కారణం.

మన దేశానికి ఈ పద్ధతి కొత్తదీ కాదు. దేశ విభజన శరణార్థుల కోసం ఢిల్లీలో ప్రభుత్వమే ఇళ్ల ఫ్యాక్టరీ పెట్టి చేతులు కాల్చుకుంది. ఇటీవలి అనుభవం మెరుగు. 2021 జనవరి 1న ఆరు నగరాల్లో, కొత్త నిర్మాణ పద్ధతులతో ఇళ్లు కట్టే ‘లైట్ హౌస్’ ప్రాజెక్టులకు శంకుస్థాపన జరిగింది. వాటిలో చెన్నై పెరుంబాక్కంలో ప్రీకాస్ట్‌తో కట్టిన 1,152 ఇళ్లు 2022 మే 26న ప్రారంభమయ్యాయి.

మన బిల్డర్లలో చాలామందికి ప్రీకాస్ట్ పేరు తెలుసు, క్రమశిక్షణే అలవాటు లేదు. ఇందులో పలక పోయకముందే అన్నీ తేలిపోవాలి: కరెంటు పైపు ఎక్కడ, బాత్రూమ్ గొట్టం ఎక్కడ, కిటికీ ఎంత అని. స్లాబు పడ్డాక వాస్తు సిద్ధాంతి వచ్చి వంటగది జరపమంటే కుదరదు! సైట్‌లో క్రేన్ తిరగడానికి చోటుండాలి. అతుకుల్లో గ్రౌట్ (పలుచని సిమెంటు మిశ్రమం) నింపే పనివాళ్లకు శిక్షణ ఉండాలి.

ఇక ప్రీకాస్ట్‌కు తగిలించే ‘గ్రీన్’ ముద్ర సంగతి. ఇనుప అచ్చులు మళ్లీమళ్లీ వాడతారు గనక సెంట్రింగు చెక్క ఖర్చు తగ్గుతుంది, వృథా తగ్గుతుంది. మధ్యలో గుల్లగా ఉండే స్లాబులకు కాంక్రీటు తక్కువ చాలు. అయితే ఫ్యాక్టరీలో వాడినా సిమెంటు సిమెంటే. సున్నపురాయిని కాల్చితే వచ్చే కార్బన్ డయాక్సైడ్ ఎక్కడికీ పోదు. యార్డు దూరమైతే డీజిల్ పొగ అదనం. సిమెంటులో కొంత భాగం ఫ్లైయాష్‌తో భర్తీ చేసి, దగ్గరి యార్డులో పోస్తేనే ఆ ముద్రకు అర్హత. మిగతాది బ్రోచర్ రంగు.

ప్రీకాస్ట్ ఫ్లాట్ కొనేవాళ్లు మోడల్ హౌస్‌లో టైల్స్ చూసి మురిసిపోకండి. భవనాన్ని ప్రీకాస్ట్ కట్టడాల భారతీయ ప్రమాణం ఐఎస్ 15916 ప్రకారం డిజైన్ చేశారా అని అడగండి. అతుకుల డ్రాయింగ్ తెప్పించి, తెలిసిన స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించండి. డ్రాయింగ్ ఇవ్వనంటే అడ్వాన్స్ కట్టకండి.