యంత్రసేవకుని పాత చిరునామా

2016 అక్టోబరు 11వ తేదీకి ముందు మెదక్ జిల్లా కలెక్టరు కచేరిలో పనియున్నవారు మెదక్ పట్టణమునకు వచ్చిన ప్రయోజనము లేకుండెను. జిల్లా పేరు మెదక్, కేంద్రము సంగారెడ్డి. ఆనాడు జిల్లా మూడుగా విడిపోయి మెదక్ పట్టణము తన పేరిటి జిల్లాకు కేంద్రమైనది. పిమ్మట పాత అలవాటున సంగారెడ్డికి పోయిన పట్టణవాసికి తిరుగుప్రయాణము తప్పలేదు. పేరును నమ్మి స్థానమును విచారింపనిచో ఇట్టి చిక్కులు కలుగును. కంప్యూటర్లయందును ఇదే రీతి.

జావా భాషను 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ వెలువరించినది. ఆ భాషలో వ్రాసిన ప్రోగ్రాములను వెబ్ ద్వారా అందించు సర్వరులలో టామ్‌క్యాట్ ఒకటి. ఒక కళాశాలలో పరీక్ష ఫీజులు దీనిద్వారా కట్టించుకొనుచున్నారనుకొందము. దీనిని ఉద్యోగి చేతితో ప్రారంభింపవచ్చును. లేదా విండోస్‌కు అప్పగించి ‘సర్వీసు’గా నడపవచ్చును. సర్వీసైనచో రాత్రి కరెంటు పోయి వచ్చినను, మనిషి లేకున్నను, కంప్యూటరుతోపాటు తానును మేల్కొనునట్లు అమర్చవచ్చును.

అయితే చేతితో నడపినపుడు చక్కగా నడచిన సర్వరు, సర్వీసుగా మాత్రము లేవకపోవుట కలదు. గడువు చివరి రోజున ఇట్లు జరిగినచో విద్యార్థులు వరుసలో నిలిచిపోవలసినదే. కారణమేమి? చేతితో నడపునపుడు టామ్‌క్యాట్ ‘జావా హోమ్’ అను గుర్తును బట్టి జావాను వెదకుకొనును. సర్వీసు దానిని చూడదు. స్థాపించిననాడు విండోస్ రిజిస్ట్రీలో వ్రాసిన దారినే సాధారణముగా పట్టుకొనును. జావాను మార్చి పాతదానిని తొలగించినను, అది పాత ఇంటి తలుపే తట్టుచుండును.

రెండవ చిక్కు బిట్లది. బ్యాటరీ రేడియోను తిన్నగా కరెంటు మీటకు తగిలింపరాదు గదా! అట్లే 64 బిట్ల సర్వీసు 32 బిట్ల లైబ్రరీని స్వీకరింపదు. రెండింటికిని ఫైలు పేరొక్కటే యగుటచే కంటికి భేదము తోపదు. మూడవది తరముల భేదము. జావా 17 కొరకు కూర్చిన ప్రోగ్రాము సంఖ్య 61. జావా 8 ఎరిగిన సంఖ్య 52 వరకే. అందుచే పాత జావా కొత్త ప్రోగ్రామును చదువలేదు.

మొదట టామ్‌క్యాట్ ‘లాగ్స్’ ఫోల్డరులోని చివరి పంక్తులు చదువవలెను. దోషము పేరు చాలవరకు అందే యుండును. పిమ్మట సర్వీసు అమరికల కిటికీ తెరచి, ‘జావా’ భాగమున కొత్త జావా లైబ్రరీకి పూర్తి దారి నీయవలెను. సర్వీసు, జావా, టామ్‌క్యాట్ నేటివ్ లైబ్రరీ మూడును ఒకే బిట్లవి కావలెను. లైబ్రరీని విండోస్ ఫోల్డరులోనికి నకలు చేయుట సులభముగా తోచును; కాని రేపు మరియొక ప్రోగ్రాము దానినే పట్టుకొని తడబడవచ్చును.

చివరకు కంప్యూటరును ఆపి తిరిగి వెలిగించి, ఎవరును లాగిన్ కాకుండ, మరియొక కంప్యూటరునుండి పుట తెరచి చూడవలెను. మనిషి లేనపుడు లేచినదే సర్వీసు.