ఘాట్ రోడ్డు దిగే ముందు బ్రేక్ ఆయిల్ మార్పిడి

కొండదారిలో కారు అదుపు తప్పినప్పుడు "బ్రేకు ఫెయిలైంది, అంతా రాత" అని సరిపెట్టుకోవడం లోకంలో పరిపాటి. తిరుమల, భాకరాపేట, మొగిలి ఘాట్లు నిత్యప్రయాణంలో భాగమైన మన ప్రాంతానికి ఈ మాట తగినది కాదు. బ్రేకు ఊరకే విఫలం కాదు. దానికి గల కారణాలలో ఒకటి కంటికి కనిపించదు, ప్రమాదానంతరం సాక్ష్యమూ మిగల్చదు. అది బ్రేక్ ఆయిల్‌లో చేరిన నీరు. దానిని గురించి, దాని నివారణను గురించి ఈ వ్యాసంలో వివరింపదలచాము.

ముందుగా పేరును పరిశీలిద్దాం. మెకానిక్ షెడ్లలో మనం బ్రేక్ ఆయిల్ అని పిలిచేది నిజానికి నూనె కాదు. నూనెకు నీటితో పొత్తు కుదరదు. ఈ ద్రవమో గాలిలోని తేమను తనలోనికి గ్రహిస్తుంది. కార్లలో సాధారణంగా వాడే డాట్ 3, డాట్ 4 రకాలు గ్లైకాల్ ఈథర్ జాతి రసాయనాలతో తయారవుతాయి. ద్రవాలు ఒత్తిడికి దాదాపు కుంచించుకోవు. ఒకచోట కలిగిన ఒత్తిడిని అన్ని దిక్కులకూ సమానంగా అందిస్తాయి. పదిహేడవ శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాస్కల్ నిరూపించిన ఈ సూత్రమే పెడల్‌పై మోపిన పాదబలాన్ని నాలుగు చక్రాలకూ చేరుస్తున్నది.

ఇక వేడి సంగతి. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లోను, రెండవది 1974లోను ఏర్పడ్డాయి. నేడు మొదటిది దిగడానికి, రెండవది ఎక్కడానికి వినియోగంలో ఉన్నాయి. కొండపై నుండి తిరుపతికి దిగే కారు సుమారు 700 మీటర్ల ఎత్తును కోల్పోతుంది. మనుషులతో కలిపి 1200 కిలోల బరువు గల కారు ఆ దిగుడులో వదిలే శక్తి 82 లక్షల జౌళ్లు. 28 లీటర్ల నీటిని 30 డిగ్రీల నుండి మరిగే స్థితికి తేవడానికి ఇది చాలు! గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే అదే కారును పద్దెనిమిదిసార్లు పూర్తిగా ఆపినదానితో ఇది దాదాపు సమానం. ఇందులో కొంత గాలికి, టైర్లకు, ఇంజనుకు పోగా, మిగిలినదంతా బ్రేకులే భరించాలి.

కొత్త డాట్ 3 ద్రవం కనీసం 205 డిగ్రీల సెంటిగ్రేడు వరకు మరగదు. డాట్ 4 కనీసం 230 వరకు. కాని రబ్బరు గొట్టాల గుండా, డబ్బా మూత గుండా తేమ మెల్లమెల్లగా చేరుతుంది. నూటికి 3.7 పాళ్ల నీరు చేరిన స్థితికి ప్రమాణాలు కోరే కనీస మరుగుస్థానం వరుసగా 140, 155 డిగ్రీలు మాత్రమే. ద్రవం మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి ఒత్తిడికి అణగిపోతుంది. పెడల్ నేలను తాకినా చక్రం ఆగదు. కాసేపటికి చల్లబడగానే బుడగలు మళ్లీ ద్రవమవుతాయి. పరీక్షించేవారికి బ్రేకు చక్కగా పనిచేస్తుంది. నింద రాత మీదికి పోవడానికి ఇదొక కారణం.

ఈ సత్యాన్ని రేసు ట్రాక్‌పై కారు నడిపేవారు బాగుగా ఎరుగుదురు. మనకు పొరుగున శ్రీపెరుంబుదూరు సమీపాన, ఇరుంగాట్టుకోట్టైలో 1990లో ప్రారంభమైన ట్రాక్ ఉన్నది. అటువంటి చోట మలుపు మలుపుకూ గట్టిగా బ్రేకు వేయవలసి ఉంటుంది కనుక, జాగ్రత్తపరులు ముందే పాత ద్రవాన్ని తీసివేసి కొత్తది నింపుకొంటారు. ఘాట్ దిగే గృహస్థునికి ఆ శ్రద్ధ ఎందుకుండరాదు?

మార్పిడి పద్ధతి సులభమే. మొదట పైడబ్బాలోని పాత ద్రవాన్ని సిరంజితో లాగి, అప్పుడే సీలు విప్పిన డబ్బా నుండి కొత్తది పోయాలి. చక్రం వద్దనున్న నిపుల్‌కు పారదర్శకపు గొట్టం తగిలించి, రెండవ కొనను సీసాలో ఉంచాలి. ఒకరు పెడల్ నొక్కి పట్టగా, మరొకరు నిపుల్ వదులు చేసి, ద్రవం వచ్చాక బిగించాలి. బిగించిన పిమ్మటనే పెడల్ వదలాలి. నల్లని ద్రవం పోయి, బుడగలు లేని తేటద్రవం వచ్చేవరకు ఇలా చేయాలి. చక్రాల వరుసను తయారీదారు పుస్తకం ప్రకారం పాటించాలి. నడుమ పైడబ్బా ఖాళీ అయితే గాలి చొరబడి శ్రమంతా వృథా. ఇంజను ఆయిల్ పోస్తే రబ్బరు వాషర్లు ఉబ్బి చెడిపోతాయి. రంగుపై చిందిన ద్రవాన్ని వెంటనే నీటితో కడగాలి. చివరకు పెడల్ గట్టిగా ఉన్నదని నిశ్చయించుకొని, మైదానంలో నెమ్మదిగా నడిపి చూడాలి. అనుభవం లేనివారు మెకానిక్ చేతనే చేయించడం క్షేమం.

చాలా కార్లకు రెండేళ్లకొకసారి ఈ మార్పిడి అవసరం. అయితే ఇదొక్కటే చాలదు. బ్రేకు ప్యాడ్లు అరిగినా, అతిగా వేడెక్కినా కొత్త ద్రవం కాపాడలేదు. దిగుడులో చిన్న గేరు వేసి, భారాన్ని ఇంజనుకు పంచడం తప్పనిసరి. బస్సులు, లారీలలో అధికభాగం గాలిబ్రేకులవి కనుక వాటి మార్గం వేరు.

సెలవుల్లో కుటుంబంతో కొండదారులకు బయలుదేరే విద్యార్థులు ఇంటి పెద్దలను ఒక్క ప్రశ్న అడుగుదురు గాక: "బ్రేక్ ఆయిల్ మార్చి ఎన్నాళ్లయింది?" రాతను నిందించడం కంటే ఈ ప్రశ్న వేయడం వివేకమని మా అభిప్రాయం.