లద్దాఖ్ బైకు యాత్రకు అసలు ఖర్చెంత?

హైదరాబాద్ నుంచి లద్దాఖ్‌కు బైకు మీద బయల్దేరేవారికి దారి వెతుక్కునే పని పెద్దగా లేదు. కన్యాకుమారి నుంచి శ్రీనగర్ దాకా సాగే 44వ నంబరు జాతీయ రహదారి అనంతపురం, కర్నూలు మీదుగా హైదరాబాద్ వచ్చి, కామారెడ్డి, నిర్మల్, ఆదిలాబాద్ దాటి నాగ్‌పూర్ చేరుతుంది. అదే రోడ్డు పట్టుకుని పోతే ఝాన్సీ, ఆగ్రా, ఢిల్లీ, జమ్ము. శ్రీనగర్ నుంచి తూర్పుకు మళ్లి జోజిలా కనుమ ఎక్కితే కార్గిల్, ఆ పైన లేహ్. జాతీయ రహదారుల మీద ద్విచక్ర వాహనాలకు టోలు రుసుము లేదు. తిరుగు ప్రయాణం మనాలీ మీదుగా పెట్టుకుని, మధ్యలో నుబ్రా లోయ, పాంగాంగ్ సరస్సు చూసుకుంటే అంతా కలిపి దాదాపు 6,000 కిలోమీటర్లు.

వెళ్లొచ్చినవారిని ‘ఎంతయింది?’ అని అడిగితే మొదట పెట్రోలు లెక్కే చెబుతారు. లీటరుకు 30 కిలోమీటర్లు ఇచ్చే బండికి 200 లీటర్లు కావాలి. లీటరు వంద రూపాయల లెక్కన 20 వేలు. ఇందులో తేడా వచ్చినా కొద్దిగానే ఉంటుంది. తారుమారయ్యేది మిగతా లెక్కే.

మైదానంలో రోజుకు 350, 400 కిలోమీటర్లకు మించి నడిపితే ఒళ్లు హూనమవుతుంది. కొండల్లో అందులో సగం సాగినా గొప్పే. విశ్రాంతి రోజులు కలుపుకొంటే ప్రయాణం 24 రోజులకు తగ్గదు. సాదా లాడ్జి, ఢాబా భోజనం కలిపి రోజుకు 1,500 రూపాయలు వేసుకున్నా 36 వేలు. బయల్దేరే ముందు సర్వీసింగు, కొత్త టైరు, బ్రేకు ప్యాడ్లు, విడి క్లచ్ కేబులు, ట్యూబులు, దారిలో ఆయిల్ మార్పు... వీటికి 10 వేలు. మంచి జాకెట్, గ్లోవ్స్, బూట్లు, సామాను సంచులు, వాన కోట్లు కొనాల్సి వస్తే 25 వేలు. టెంటు, స్లీపింగ్ బ్యాగు, కింద పరిచే మ్యాటు, చిన్న స్టవ్వు మరో 15 వేలు. మొత్తం లక్ష దాటుతుంది. అందులో పెట్రోలు ఐదో వంతు మాత్రమే.

టెంటు మోసుకెళితే లాడ్జి ఖర్చు మిగులుతుందన్నది చాలామంది ఆశ. నిజానికి హైదరాబాద్ నుంచి జమ్ము దాకా టెంటు విప్పే అవకాశమే తక్కువ. జూన్‌లో ఝాన్సీ, గ్వాలియర్ ప్రాంతాల్లో పగటి వేడి 45 డిగ్రీల దాకా పోతుంది. రాత్రికి కూడా ఆ సెగ తగ్గదు. జులై, ఆగస్టుల్లో వానలు. పైగా రహదారి పక్కన ముక్కూమొహం తెలియని చోట బండిని, సామానును ఆరుబయట పెట్టి పడుకోవడం క్షేమం కాదు. కాబట్టి టెంటు పనికొచ్చేది లద్దాఖ్‌లో, మనాలీ దారిలోని లాహౌల్‌లో గడిపే ఆరేడు రాత్రులకే. రాత్రికి వెయ్యి మిగిలిందనుకున్నా ఆరేడు వేలు. అంటే 15 వేల సరంజామా మూడో యాత్రకు గానీ గిట్టుబాటు కాదు. ఒక్కసారే వెళ్లేవారికి అద్దెకు తీసుకోవడమే మేలు. లేహ్‌లో, మనాలీలో ఇవి అద్దెకు దొరుకుతాయి.

అన్నం వండుకుందామనుకునే తెలుగువారు ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పీడనం తగ్గి, నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. మనాలీ-లేహ్ దారిలో సుమారు 4,290 మీటర్ల ఎత్తున్న సర్చులో దాదాపు 86 డిగ్రీలకే తెర్లుతాయి. నీళ్లు తెర్లుతూనే ఉంటాయి, బియ్యం పలుకు మాత్రం మెత్తబడదు. చిన్న ప్రెషర్ కుక్కర్ ఉంటే తప్ప పప్పు సంగతి మరిచిపోవాల్సిందే. ఉత్త బ్యూటేన్ డబ్బాతో మరో చిక్కు. ఉష్ణోగ్రత సున్నాకు చేరితే అందులోని ద్రవం ఆవిరి కాదు, స్టవ్వు వెలగదు. సెప్టెంబరు రాత్రుల్లో సర్చు దగ్గర చలి సున్నా కిందికి దిగుతుంది. ప్రొపేన్ కలిసిన డబ్బా అయితే ఆ చలిలోనూ పనిచేస్తుంది. లేదంటే ఢాబా మ్యాగీ, పరాఠాలే దిక్కు.

డబ్బు కోసం ఎట్టి పరిస్థితుల్లోనూ కోత పెట్టకూడనివి విశ్రాంతి రోజులు. 3,000 మీటర్లు దాటాక, ముందు రాత్రి పడుకున్న చోటికన్నా 500 మీటర్లకు మించి ఎత్తున పడుకోవద్దని పర్వత వైద్య నిపుణులు చెబుతారు. మనాలీ ఎత్తు 2,050 మీటర్లు. అక్కడ పొద్దున బయల్దేరి రాత్రికి సర్చు చేరితే ఒక్క రోజులో రెండు వేల మీటర్లకు పైగా ఎక్కినట్టు. అలా ఎక్కితే వచ్చే జబ్బు తలనొప్పి, వాంతులతో మొదలై ఊపిరితిత్తుల్లోకి, మెదడులోకి నీరు చేరేదాకా పోవచ్చు. 2020 అక్టోబరులో అటల్ సొరంగం తెరిచాక మనాలీ దారి తేలికై ఆ తొందర ఇంకా పెరిగింది. శ్రీనగర్ వైపు నుంచి వెళితే రెండు వేల ఏడు వందల మీటర్లలోపు ఎత్తున్న కార్గిల్‌లో ఒక రాత్రి ఆగి, 3,500 మీటర్ల లేహ్‌కు చేరవచ్చు. అక్కడ రెండు రోజులు బండి ముట్టకుండా ఉండాలి. ఆ రెండు రోజుల బస, తిండికి అయ్యేది మూడు వేలు. ఆ తర్వాతే నుబ్రా దారిలోని ఖార్దుంగ్ లా ఎక్కాలి. 5,359 మీటర్ల ఆ కనుమ మీద గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే సగానికి కాస్త ఎక్కువ, అంతే. మనిషికే కాదు, ఇంజినుకూ అక్కడ ఆయాసమే.

టెంటు ఎక్కడ వేస్తున్నామో కూడా చూసుకోవాలి. చదునుగా, పొడిగా కనిపించే వాగు గర్భం పడకకు అనువుగానే ఉంటుంది. కానీ 2010 ఆగస్టు 6న లేహ్‌లో కుంభవృష్టి కురిసి, వరద, బురద కలిసి విరుచుకుపడి రెండు వందల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వాన చాలా తక్కువ పడే నేలలోనే అలా జరిగింది. అందుకే వాగు గర్భంలో టెంటు వద్దు.

పెట్రోలు బంకుల సంగతీ చెప్పుకోవాలి. లాహౌల్‌లోని తాండీ బంకు దగ్గర, తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో ఉందని చెప్పే బోర్డు బైకర్లందరికీ తెలిసిందే. 15 లీటర్ల ట్యాంకున్న పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ బండి అయినా నిండా పోయించుకుని కదలాల్సిన దూరమది. ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ తీసుకోవాలి. లెక్క వేసుకున్న మొత్తం మీద మరో పది వేలు నగదుగా దగ్గరుంచుకోవాలి. ఏటీఎం పనిచేయని ఊళ్లో, కొండచరియ విరిగిపడి రెండు రోజులు దారి మూసుకుపోయినప్పుడు అదే ఆదుకుంటుంది.

ఇంత డబ్బు పోసే ముందు ఒక్క పని చేయండి. అద్దెకు తెచ్చిన టెంటు, స్లీపింగ్ బ్యాగు బండికి కట్టుకుని డిసెంబరులో లంబసింగి వెళ్లి, అనుమతి ఉన్న క్యాంపు స్థలంలో రెండు రాత్రులు పడుకుని రండి. ఆ చలిలో నిద్ర పట్టకపోతే లద్దాఖ్‌కు టెంటు మోయకండి, ఊళ్లలోని హోమ్‌స్టేల్లోనే దిగండి.