తొలి యూరోపియన్లు తెల్లనివారేనా? ప్రాచీన డీఎన్‌ఏ చెబుతున్న నిజాలు

బాన్సువాడ చుట్టుపక్కల పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు చదువు, ఉద్యోగం, పొలం అయ్యాక తప్పక వచ్చే ప్రశ్న ఒకటుంది: "పిల్ల తెల్లగుంటదా?" అలా అడగడం చాలామందికి తప్పుగా అనిపించదు. తెలుపంటే గొప్ప వంశమనీ, యూరప్‌ వాళ్లు ఆది నుంచీ తెల్లవాళ్లేననీ, మనలో కాస్త రంగున్నవారికి ఆ వంశంతో చుట్టరికం ఉందనీ ఒక నమ్మకం ఆ ప్రశ్న వెనుక ఉంది. గత పదిహేనేళ్లుగా పాత ఎముకల నుంచి, పళ్ల నుంచి తీసిన డీఎన్‌ఏ ఈ నమ్మకానికి పునాది లేదని చూపిస్తోంది. మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా చర్మవర్ణం కథలో ఒక ముఖ్యమైన ముడి విప్పారు. బలంగా నాటుకున్న అపోహలను ఒక్కొక్కటిగా చూద్దాం.

అపోహ 1: యూరప్‌ వాసులు మొదటి నుంచీ తెల్లగానే ఉన్నారు.

వాస్తవం: ఆధునిక మానవులు యూరప్‌లో అడుగుపెట్టి దాదాపు 45 వేల ఏళ్లయింది. జర్మనీలోని రానిస్‌లో, చెక్‌ దేశంలోని జ్లాటీ కూన్‌లో ఆ తొలితరాల వారి ఎముకలు దొరికాయి. వాటి జన్యువుల విశ్లేషణ 2024లో వెలువడింది. వారిది నల్లని చర్మం, నల్లని జుట్టు, గోధుమ రంగు కళ్లు అని తేలింది. ఆఫ్రికా నుంచి బయల్దేరిన మనుషుల రూపం అలా ఉండటంలో వింతేమీ లేదు.

ఆ తర్వాత 35 వేల ఏళ్లు గడిచినా పశ్చిమ యూరప్‌లో పరిస్థితి పెద్దగా మారలేదు. ఇంగ్లండ్‌లోని సోమర్సెట్‌లో, గాఫ్‌ గుహలో 1903లో దొరికిన 'చెడార్‌ మనిషి' సుమారు 10 వేల ఏళ్ల నాటివాడు. లండన్‌ నేచురల్‌ హిస్టరీ మ్యూజియం, యూనివర్సిటీ కాలేజ్‌ లండన్‌ శాస్త్రవేత్తలు 2018లో అతని జన్యు సమాచారాన్ని వెల్లడించారు. చర్మం బాగా ముదురు రంగు, జుట్టు నలుపు, కళ్లు మాత్రం లేత రంగు. స్పెయిన్‌లోని లా బ్రాన్యా గుహలో దొరికిన 7 వేల ఏళ్ల నాటి వేటగాడి గురించి 2014లో తెలిసినదీ ఇదే. డెన్మార్క్‌లో 5,700 ఏళ్ల కిందట ఒక అమ్మాయి నమిలి ఉమ్మేసిన భూర్జవృక్షపు బంక ముద్దలో ఆమె డీఎన్‌ఏ మొత్తం నిలిచి ఉంది. ఆమెకూ నల్లని చర్మం, నల్లని జుట్టు, నీలికళ్లే. యూరప్‌ వాసుల తెలుపు ఆదిమ లక్షణం కాదు, ఆలస్యంగా వచ్చిన మార్పు.

అపోహ 2: తెల్లని చర్మం, నీలికళ్లు, బంగారు రంగు జుట్టు ఎప్పుడూ కలిసే వస్తాయి.

వాస్తవం: ఈ మూడింటినీ నడిపే ముఖ్యమైన జన్యుమార్పులు వేరు, వాటి చరిత్రలూ వేరు. నీలికళ్లకు ప్రధాన కారణం హెచ్‌ఈఆర్‌సీ2 అనే జన్యువులో వచ్చిన ఒక చిన్న మార్పు. పశ్చిమ యూరప్‌ వేటగాళ్లలో చర్మం తెల్లబడక ముందే అది వ్యాపించింది. నల్లని ముఖంలో నీలికళ్లు ఇవాళ మనకు అరుదైన దృశ్యం, ఆ కాలపు పశ్చిమ యూరప్‌లో మామూలు రూపం. బంగారు రంగు జుట్టుకు సంబంధించిన ఒక జన్యుమార్పుకు ఇప్పటివరకు దొరికిన అతి పాత ఆనవాలు యూరప్‌లోనిది కాదు. సైబీరియాలోని అఫొంతొవా గొరాలో సుమారు 17 వేల ఏళ్ల కిందట జీవించిన మనిషిలో కనిపించింది. ఇక స్వీడన్‌లోని మొతాలాలో 7,700 ఏళ్ల కిందటి వేటగాళ్లలో తెల్లని చర్మపు మార్పులు, నీలికళ్ల మార్పు రెండూ ఉన్నాయి. దాదాపు ఒకే కాలంలో, ఒకే ఖండంలో స్పెయిన్‌ వేటగాడు ఒకలా, స్వీడన్‌ వేటగాడు మరోలా ఉన్నారు.

అపోహ 3: చలిదేశానికి వెళ్లగానే ఎండ తగ్గి చర్మం తెల్లబడింది.

వాస్తవం: ఎండ తక్కువగా ఉండటమొక్కటే కారణమైతే వేల ఏళ్ల పాటు అక్కడ బతికిన వేటగాళ్లు నల్లగా మిగిలేవారు కాదు. మార్పు వేగం అందుకున్నది కొత్త మనుషుల రాకతో. సుమారు 8,500 ఏళ్ల కిందట అనతోలియా నుంచి, అంటే నేటి టర్కీ నుంచి, రైతులు యూరప్‌కు వలస వచ్చారు. చర్మాన్ని లేతపరిచే ఒక ముఖ్యమైన మార్పు వారిలో అప్పటికే దాదాపు అందరికీ ఉంది. 5 వేల ఏళ్ల కిందట నల్లసముద్రానికి ఉత్తరాన ఉన్న గడ్డిమైదానాల నుంచి పశుపోషకులు వచ్చారు. నేటి యూరోపియన్లు ఎక్కువగా వేటగాళ్లు, రైతులు, పశుపోషకులు అనే ఈ మూడు ధారల కలయికే.

ఆహారానికీ ఇందులో పాత్ర ఉందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. చేపలు, వేటమాంసం తిన్నవారికి విటమిన్‌ డి తిండిలోనే అందేది. ధాన్యం మీద ఆధారపడిన రైతులు దాన్ని చర్మం ద్వారానే తయారు చేసుకోవాలి. ఎండ పలచగా ఉన్నచోట లేత చర్మం ఆ పని తేలికగా చేస్తుంది. అయినా మార్పు ఒక్కసారిగా పూర్తి కాలేదు. ఆల్ప్స్‌ పర్వతాల్లో 1991లో మంచు కింద దొరికిన 5,300 ఏళ్ల నాటి ఓట్జీ అనే మనిషి వంశమూలం తొంభై శాతానికి పైగా అనతోలియా రైతులదే. అతని చర్మం నేటి యూరోపియన్ల కంటే ముదురుగా ఉండేదని, తల బట్టబారి ఉండవచ్చని 2023లో వెలువడిన విశ్లేషణ చెప్పింది. ఇటలీ మ్యూజియంలో నిలబెట్టిన అతని ప్రతిమ మాత్రం తెల్లగా, పొడవాటి జుట్టుతో ఉంది. ఆధారం దొరకని చోట మన ఊహలు ఎటు మొగ్గుతాయో ఆ ప్రతిమే చెబుతోంది.

అపోహ 4: మనలో కొందరి లేత రంగు యూరప్‌ నుంచి వచ్చింది.

వాస్తవం: చర్మవర్ణాన్ని బలంగా ప్రభావితం చేసే జన్యువుల్లో ఎస్‌ఎల్‌సీ24ఏ5 ఒకటి. దాని పాత్ర 2005లో జీబ్రా చేపల మీద చేసిన పరిశోధనతో బయటపడింది. అందులో ఒకే ఒక్క డీఎన్‌ఏ అక్షరం మారితే చర్మానికి ముదురు రంగునిచ్చే మెలనిన్‌ తగ్గుతుంది. నేటి యూరోపియన్లలో దాదాపు అందరికీ ఆ మార్పు ఉంది. సీసీఎంబీకి చెందిన కుమారసామి తంగరాజ్‌, లాల్జీ సింగ్‌ భాగస్వాములుగా 2013లో వెలువడిన అధ్యయనం దీన్ని భారతదేశంలో వెతికింది. వెయ్యి మందికి పైగా దక్షిణ భారతీయుల చర్మవర్ణాన్ని పరికరంతో కొలిచి, జన్యువులతో పోల్చి చూసింది. యూరప్‌ వారిలోనూ మనలోనూ ఉన్నది ఒకే మార్పు, ఒకే మూలపురుషుడి నుంచి ఇద్దరికీ సంక్రమించిందని తేల్చింది. దాని వయసు సుమారు 22 వేల నుంచి 28 వేల ఏళ్లు. పశ్చిమ యూరప్‌ వేటగాళ్లు ఇంకా నల్లగా ఉన్న కాలంలోనే ఆసియాలో ఆ మార్పు ఉంది. కాబట్టి యూరప్‌ మనకు ఇచ్చిన రంగు అనడానికి ఆస్కారం లేదు. ఇది ఉభయులకూ దక్కిన ఉమ్మడి ఆస్తి.

అపోహ 5: నీలికళ్ల తెల్లని జాతి వచ్చి మన పూర్వీకుల్లో ఒక వర్గంగా విడిగా నిలిచింది.

వాస్తవం: గడ్డిమైదానాల పశుపోషకులు క్రీ.పూ. 2000 తర్వాత ఉపఖండానికి చేరారని 2019లో 523 మంది ప్రాచీనుల డీఎన్‌ఏతో జరిగిన పెద్ద అధ్యయనం చూపింది. వలస నిజమే. ఆ మైదానాల్లోని మొదటి పశుపోషకుల్లో మాత్రం ఎక్కువమందికి గోధుమ కళ్లు, ముదురు జుట్టు ఉండేవి. నేటి యూరోపియన్ల కంటే వారిది ముదురు ఛాయే. ఇరవయ్యో శతాబ్దపు జాతివాదులు గీసిన బొమ్మకూ వారికీ పోలిక లేదు. ఇంకా ముఖ్యమైన విషయం: ఎవరూ విడిగా మిగల్లేదు. 2009లో సీసీఎంబీ, హార్వర్డ్‌ శాస్త్రవేత్తలు కలిసి చేసిన అధ్యయనంలో, కులమేదైనా భాషేదైనా భారత ప్రధాన భూభాగంలో దాదాపు ప్రతి సమూహమూ రెండు ప్రాచీన వంశధారల మిశ్రమమేనని తేలింది. పాళ్లు మాత్రమే మారుతాయి.

అపోహ 6: డీఎన్‌ఏ దొరికితే చాలు, మనిషి రూపం ఫొటో తీసినట్టు తెలుస్తుంది.

వాస్తవం: డీఎన్‌ఏ చెప్పేది సంభావ్యత. రంగును నిర్ణయించే జన్యువులు ఎన్నో ఉన్నాయి. ప్రాచీనుల్లో ఉండి నేడు కనుమరుగైన మార్పులు కొన్ని ఉండవచ్చు. అందుకే చెడార్‌ మనిషి ఛాయ ఎంత ముదురు అన్నదానిపై శాస్త్రవేత్తలు ఇంకా జాగ్రత్తగానే మాట్లాడతారు. పైగా వేడి డీఎన్‌ఏకు శత్రువు. చల్లని యూరప్‌ గుహల్లో వేల ఏళ్లు నిలిచేది మన నేలల్లో త్వరగా చితికిపోతుంది. హరియాణాలోని రాఖీగఢీలో 61 నమూనాలు పరీక్షిస్తే పనికొచ్చే డీఎన్‌ఏ ఒక్క మహిళ ఎముకలోనే దొరికింది. తెలంగాణలో జనం రాకాసి గుళ్లని పిలిచే బృహత్‌శిలా సమాధులు ఎన్నో ఉన్నా, వాటిలోని మనుషుల రూపం చెప్పడం ఇందుకే కష్టం. నిధుల ఆశతో ఆ సమాధులను తవ్వి పారేసేవారు మన పూర్వీకుల చివరి సాక్ష్యాన్నే చెరుపుతున్నారు. వాటిని కాపాడుకోవడం మన బాధ్యత.

ఈ విషయాలన్నీ మన పిల్లలకు చేరాలి. ఒకే తల్లికి పుట్టిన అక్క చామనఛాయలో, చెల్లెలు తెల్లగా ఉండటం ప్రతి ఊళ్లో చూస్తాం. రంగుకు కారణమైన జన్యువులు ఇద్దరికీ వేర్వేరు కలయికలో అందాయి, అంతే. వంశం ఒకటే, తెలివి ఒకటే, హక్కులూ ఒకటే. మంజీర ఒడ్డున మండుటెండలో నాట్లు వేసే స్త్రీ ఛాయ ఆమె చర్మాన్ని ఆ ఎండ నుంచి కాపాడే మెలనిన్‌ది. దాన్ని లోపమని చెప్పి క్రీములు అమ్మేవారి మాటకూ, కట్నం పెంచేవారి బేరానికీ శాస్త్రంలో ఏ ఆధారమూ లేదు. రంగును బట్టి ఆడపిల్ల విలువ కట్టే ప్రశ్నను ఇకనైనా మన ఇళ్లలో అడగడం మానేద్దాం.